నోరు నీది, బ్రేకు నాది

కిందటి నెలలో జువైనా మా ఇంటికి వచ్చింది. ఒమన్ దేశంలో, కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో నాకు కారు నడపడం నేర్పిన ఖమీస్ గారి కూతురు ఆమె. వాళ్ళమ్మకు హైదరాబాదులో మోకాళ్ళ ఆపరేషన్ చేయించి, ఆవిడ మళ్ళీ నడిచేదాకా అక్కడే ఇల్లు తీసుకుని ఉంటున్నారట. ఎప్పుడో నేను రాసిన ఉత్తరం మీద విజయవాడ పటమటలోని మా అడ్రసు చూసి, ఎవరెవరినో అడిగి ఫోను నంబరు సంపాదించి, తల్లిని ఒక రోజుకు చెల్లెలికి అప్పగించి పొద్దుటి రైలెక్కి వచ్చేసింది. నేను ఆఖరుసారి చూసినప్పుడు బడికి వెళ్ళే పిల్ల. ఇప్పుడు యాభైకి దగ్గరపడింది. ముక్కు మీదికి జారే కళ్ళజోడును వేలితో పైకి నెట్టుకోవడంలో అచ్చం వాళ్ళ నాన్నే. స్టేషను నుంచి నా కారులోనే తీసుకొచ్చాను. మా ఆయన వేసిన పెసరట్టు సగం తిన్నాక, మంచినీళ్ళు తాగి, అడగాలని దాచుకుని వచ్చిన మాట అడిగింది.

"సిస్టర్, 'విను' అంటే ఏ భాష?"

పొయ్యి దగ్గర మా ఆయన చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"తెలుగే. ఎందుకూ?" అన్నాను.

"నాన్న కారు నేర్పేటప్పుడు అనేవాడు. క్లచ్ మీద నుంచి కాలు తీస్తుంటే 'విను, విను' అని. ఇప్పుడు నేను మా ఊళ్ళో ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పుతున్నాను. నేనూ అదే అంటాను. నా దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ ఆ మాట వచ్చు. క్లచ్‌లో ఏదో భాగం పేరనుకుంటారు." ఆమె నవ్వింది. "ఎక్కడిదీ మాట అని నాన్న పోయే ముందు ఒకసారి అడిగాను. 'దేవదానం ఇచ్చాడు' అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు."

దేవదానం మా ఆయన పేరు. ఆయన మాడిన అట్టును అట్లకాడతో గీకుతూ మాకు వీపు తిప్పి నిలబడిపోయారు. ఖమీస్ గారు పోయి రెండేళ్ళయిందన్న సంగతి మాకు ఆ పొద్దునే తెలిసింది. జువైనా మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది. ఉన్న కాసేపట్లో ఆమెకు చెప్పిందీ, మాటలు కుదరక చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె. నాన్న పొలం పనులకు వెళ్ళేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. మా ఇంట్లో చక్రాలున్న వస్తువు ఆయన సైకిలొక్కటే. నేను మిషనాసుపత్రిలో నర్సు చదువు చదివి, ఉద్యోగంలో చేరి, పెళ్ళయి ఆటోనగర్ వెనక వీధిలో రెండు గదుల రేకుల ఇంటికి కాపురానికి వచ్చాను. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. గ్రీజు, కిరసనాయిలు, ఎండు రొయ్యల వేపుడు, అత్తయ్య గారు తన బైబిలు పెట్టెలో వేసే కలరా ఉండలు, అన్నీ కలిసిన వాసన. మొదటి వారం తల తిరిగింది. నెల తిరిగేసరికి డ్యూటీ నుంచి వస్తూ వీధి మొదట్లోనే ఆ వాసన కోసం వెతుక్కునేదాన్ని. మా ఆయన లారీల మెకానిక్. చీకటి పడేవేళకు షెడ్డు నుంచి వచ్చి పెరట్లో పీట మీద కూర్చుంటే, ఆ చేతులు కడగడం ఒక పెద్ద కార్యక్రమం. ముందు కిరసనాయిలు, తర్వాత రంపపు పొట్టు, ఆ తర్వాత బట్టల సబ్బు. అత్తయ్య గారు చెంబుతో నీళ్ళు పోస్తూ, ఆ రోజు ప్రార్థనలో పాడబోయే పాట సన్నగా అనుకుంటూ ఉండేది. కొడుకు వేళ్ళు తెల్లబడేదాకా ఆవిడ ఆ పాట ఆపేది కాదు.

ఆయనకు చెవి గొప్పది. ఈ మాట పెళ్ళాన్ని గనుక అనడం కాదు, ఆటోనగర్లో అప్పట్లో అందరూ అన్నదే. అన్నం తింటూ తింటూ ముద్ద నోటి దగ్గర ఆపి, "ఆ వచ్చే బండికి ఒక సిలిండరు కొట్టడం లేదు" అనేవారు. బయటికి చూస్తే బండి ఇంకా వీధి మలుపు తిరిగి ఉండేది కాదు. అత్తయ్య గారు విసుక్కునేది. "తినేటప్పుడన్నా ఆ చెవులు మూసుకోరా నాయనా. కూర చల్లారిపోతంది." పెద్ద మేస్త్రీలు కూడా ఇంజను విప్పబోయే ముందు ఒకసారి ఈయన్ని పిలిచి స్టార్టు చేసి వినిపించేవాళ్ళు. బాగుచేసిన లారీని ట్రయలుకు తీసుకెళ్ళడం మాత్రం ఆయన ఎవరికీ వదిలేవారు కాదు. ఆ నాలుగు మైళ్ళ కోసమే మిగతా పని చేస్తున్నట్టు ఉండేవారు. ట్రయలు నుంచి వచ్చిన రోజు ఆయన నడకే వేరుగా ఉండేది.

పెళ్ళయిన రెండో ఏడు షెడ్డులో ఫిట్స్ వచ్చాయి. కబురు విని నేను వెళ్ళేసరికి ఎవరో ఆయన చేతిలో తాళాల గుత్తి పెట్టి గుప్పిట మూసి పట్టుకున్నారు. నేను ఆ తాళాలు తీసేసి, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అది ఆగేదాకా అక్కడే నేల మీద కూర్చున్నాను. నర్సును కాబట్టి అదేమిటో అందరికంటే ముందు నాకే తెలిసింది. అందరికంటే ముందు భయపడిందీ నేనే. డాక్టరు మాత్రలు రాశాడు. మాత్రలు వాడుతున్నాం కదా అన్న ధీమాతో ఆయన మూడు నెలలకు మళ్ళీ లారీ ఎక్కారు. హైవే మీద ట్రయలు వెళుతుండగా రెండోసారి వచ్చాయి. లారీ రోడ్డు దిగి, ఒక ఇసక గుట్టలోకి దూసుకుపోయి ఆగింది. ఆ గుట్టకు నాలుగు అడుగుల అవతల బస్సు కోసం ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం చేతులు కడుక్కోకుండానే పెరట్లో కూర్చుని, "ఇక జన్మలో స్టీరింగు ముందు కూర్చోను, సుగుణా" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అత్తయ్య గారు చెంబు పట్టుకుని నిలబడే ఉంది. ఆ రోజు పాట లేదు.

షెడ్డు యజమాని మంచివాడే. అయినా తిరిగే యంత్రాల మధ్య ఆయన్ని ఉంచడానికి జంకాడు. ఆయన ఇంట్లో కూర్చోవడం మొదలయ్యాక, ఒమన్ ఆసుపత్రుల్లో నర్సుల కోసం ఇంటర్వ్యూలు జరుగుతున్నాయని విని వెళ్ళాను. ఎంపికయ్యాను. ఆరు నెలల తర్వాత ఆయన్ని కూడా కుటుంబ వీసా మీద పిలిపించుకున్నాను.

అక్కడ మాకిచ్చిన ఇల్లు హెల్త్ సెంటరు వెనకాలే. కిటికీలోంచి చూస్తే ఒక్క చెట్టు లేని గోధుమరంగు కొండలు. కాలవల మధ్య పుట్టిన దాన్ని, మొదటి నెలంతా ఆ కొండలు చూస్తే నాకు దాహం వేసేది. పక్కింటి వాళ్ళు సాయంత్రం కాగానే సాంబ్రాణి వేసేవాళ్ళు, ఆ పొగ మా వంటింట్లోకి వచ్చి గోంగూర పచ్చడి పోపుతో కలిసేది. వంట ఆయనదే. ఉద్యోగం చేసుకునే వీసా కాదు కనుక ఇంటిపని మొత్తం ఆయన నెత్తిన వేసుకున్నారు. నా తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేస్తే గీత కత్తిలా ఉండేది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద పోయే బండ్లను చెవులతో చూస్తూ ఉండేవారు. "ఇవాళ ఒక బండి వచ్చింది, దాని క్లచ్ పని అయిపోయింది పాపం" అని, ఎవరి ఆరోగ్యం గురించో చెప్పినట్టు చెప్పేవారు.

ఆయనకు ఫిట్స్ ఉన్నాయన్న సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే వీసా రద్దు చేసి వెనక్కి పంపేస్తారని తోటి నర్సు ఒకామె భయపెట్టింది. అది నిజమో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు. అడిగి తెలుసుకునే ధైర్యం అప్పుడు లేకపోయింది. అందుకే మా హెల్త్ సెంటరు డాక్టరుకు చూపించకుండా, గంట ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద ఊరికి నెలకోసారి షేరు టాక్సీలో వెళ్ళి మాత్రలు తెచ్చుకునేవాళ్ళం. ఒక వేసవి రోజు, సగం దారిలో టాక్సీలో ఆయనకు ఫిట్స్ వచ్చాయి. డ్రైవరు కంగారుపడి బండి ఆపి, మమ్మల్ని దించి, మా సంచీ కూడా దించి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అతన్ని తిట్టుకోను. వెనక సీటులో ఉన్న పసిపిల్లలు ఆయన్ని చూసి కేకలు పెట్టి ఏడ్చారు, అతనైనా ఏం చేస్తాడు? ఆ రోజు మాత్రం రోడ్డు పక్క రాళ్ళ మీద కూర్చుని, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, చీర చెంగు ఎండకు అడ్డం పట్టుకుని, వచ్చే ప్రతి బండికీ రెండో చెయ్యి ఎత్తుతూ నేను పడ్డ అవస్థ ఇన్నేళ్ళయినా నా చెయ్యి మర్చిపోలేదు. చివరికి నీళ్ళ ట్యాంకరు నడిపే ఒక పఠాను ఆపి, ఆయన్ని రెండు చేతులా ఎత్తి ముందు సీటులో కూర్చోబెట్టాడు. కొంత దూరం పోయాక మా ఆయన కళ్ళు తెరిచి, కాసేపు విని, "ఈ బండి ఇంజను బాగుంది" అన్నారు. నేను ఏడుస్తూనే నవ్వాను. ఇంటికొచ్చి మంచం మీద వాలాక ఇంకో మాట అన్నారు. "నువ్వు నేర్చుకోవాలి, సుగుణా."

అలా ఖమీస్ గారి దగ్గరికి వెళ్ళాం. సైన్యంలో లారీలు నడిపి రిటైరైన మనిషి. పొట్టిగా, గట్టిగా, తెల్లటి గడ్డంతో ఉండేవారు. నెత్తిన బోర్డు పెట్టిన చిన్న తెల్ల కారులో డ్రైవింగ్ నేర్పేవారు. సైన్యంలో ఎవరితోనో తిరిగి నేర్చుకున్న హిందీ మాట్లాడేవారు, మాకూ అదే రకం హిందీ వచ్చు గనుక సరిపోయింది. పరాయి ఆడమనిషిని ఒంటరిగా కారులో ఎక్కించుకోను, మీ ఆయన వెనక కూర్చోవాలి అన్నది ఆయన పెట్టిన మొదటి షరతు. రోజూ పొద్దు వాలే వేళ, అసర్ నమాజు అయ్యాక వచ్చి హారను కొట్టేవారు. మొదటి రోజే అడిగారు.

"మీ ఆయనకు లైసెన్సు ఉందా?"

జవాబు వెనక నుంచి ఆయనే చెప్పారు. "లేదు సాబ్. నాకు నడపడమంటే భయం."

ఖమీస్ గారు అద్దంలోంచి ఆయన్ని చూశారు. "మొగాడివి, పెళ్ళాన్ని ముందు కూర్చోబెట్టి నువ్వు వెనక దాక్కుంటావా?" అన్నారు. మా ఆయన తల వంచుకున్నారు. లోడు లారీని ఒంటిచేత్తో వెనక్కి తిప్పి రెండు షెడ్ల సందులో పెట్టగల మనిషి. నేను నోరు తెరవబోతే తెలుగులో "ఊరుకో" అన్నారు. ఆ రోజు నుంచి ఖమీస్ గారికి ఆయనంటే చులకన అయిపోయింది. "భయపడేవాడు మాట్లాడకూడదు, నాకు తలనొప్పి" అని వెనక సీటు నోరు కట్టేశారు.

నాకు కారు రాలేదు. స్టీరింగు ఎడమ పక్క, గేరు కుడిచేతికి, కాళ్ళ దగ్గర మూడు పెడళ్ళకు రెండే కాళ్ళు. ఖమీస్ గారు క్లచ్ వదలడానికి అంకెలు లెక్కపెట్టించేవారు. "వాహద్, ఇత్నేన్, తలాతా." నేను ఇత్నేన్ దగ్గరే వదిలేసేదాన్ని, బండి గొర్రెపిల్లలా ఎగిరి ఆగిపోయేది. పోలీసు పరీక్షలో ఏటవాలు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించాలి. రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ జారాను. రెండోసారి తప్పాక ఇంటికి వచ్చి, ఇది నా వల్ల కాదు అని కూర్చుంటే, మా ఆయన వంటింట్లోకి వెళ్ళి పప్పుగుత్తి తెచ్చారు. బియ్యం డబ్బాలో దాన్ని తలకిందులుగా గుచ్చి "ఇది గేరు" అన్నారు. మూడు చెప్పులు గోడకు ఆనించి "ఇవి పెడళ్ళు" అన్నారు. తర్వాత నా పక్కన కూర్చుని, నోటితో ఇంజను స్టార్టు చేశారు.

ఆ ఇంజను వినని వాళ్ళకు నేను చెప్పలేను. నా కాలి కింద చెప్పు కొంచెం లేవగానే ఆయన గొంతు కొంచెం దిగేది. ఎక్కువ లేపితే దగ్గి ఆగిపోయేది. "అంకెలు కాదు, విను. ఇదిగో, ఇక్కడ గొంతు మారింది చూడు. బండి నీ బరువు తీసుకుంటానంటోంది. ఇప్పుడు కాలు అక్కడే ఉంచు. విను... విను..." రోజూ అన్నం తిన్నాక అరగంట ఇదే పని. పక్కింటి వాళ్ళు ఏమనుకున్నారో దేవుడికి తెలియాలి. నాకు మాత్రం ఇంట్లో వచ్చేది, కారులో పోయేది. కారులో ఖమీస్ గారి అంకెలు, ఇంట్లో ఈయన ఇంజను.

ఆ వారంలోనే కారులో ఏదో తేడా ఉందని ఆయన పట్టుకున్నారు. "క్లచ్ కేబుల్ పోగులు తెగుతున్నాయి. నొక్కినప్పుడల్లా టిక్కుమంటోంది. ఆయనకు చెప్పు" అన్నారు. చెప్పాను. ఖమీస్ గారు నవ్వేశారు. "స్టీరింగు చూస్తే భయపడేవాడికి కేబుల్ సంగతి తెలిసిందా?" అన్నారు. మూడో రోజున ఊరికి చాలా దూరంగా, వాదీ దాటే చోట, వాదీ అంటే వానొస్తే తప్ప నీళ్ళుండని ఏరు, ఆ రాళ్ళ దారిలో నా ఎడమ కాలు కింద క్లచ్ పెడల్ ఒక్కసారిగా నేలకు పడిపోయింది. బండి రెండు కుదుపులు కుదిపి ఆగింది.

ఖమీస్ గారు దిగి, బానెట్ ఎత్తి చూశారు. మా ఆయన కూడా దిగారు. చొక్కా విప్పి మడిచి సీటు మీద పెట్టి, బండి కింద దూరారు. ఎండకు మండుతున్న ఆ రాళ్ళ మీద వెల్లకిలా పడుకున్న మనిషి నోటి నుంచి ఈల వినిపించింది. ఏడాది దాటింది ఆయన ఈల వేసి. డిక్కీలో ఉన్న పాత వైరు ముక్కా, ఒక బోల్టూ, రెండు నట్లూ అడిగి తీసుకుని, తెగిన కేబుల్‌ను బిగించి బయటికి వచ్చారు. రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆ చేతుల్ని చూడగానే నాకు ఆటోనగర్ పెరడు కళ్ళముందు నిలిచింది.

"ఐదారుసార్లు నొక్కొచ్చు సాబ్. అంతకంటే ఆగదు. మిగతా గేర్లు క్లచ్ లేకుండా, ఇంజను వేగం చూసుకుని వెయ్యాలి" అన్నారు.

ఖమీస్ గారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. "నీకు ఇంత పని తెలుసు. నువ్వు కట్టావు, నువ్వే నడుపు" అని తాళాలు చాచారు.

"నేను నడపను."

"మళ్ళీ భయమా? ఎలాంటి మనిషివయ్యా నువ్వు? నీ భార్య ఏడుస్తూ పరీక్షలకు వెళుతోంది, నీకు సిగ్గు లేదూ?"

ఇక నేను ఆగలేకపోయాను. "ఆయన లారీలు నడిపిన మనిషి" అన్నాను. మా ఆయన నా వైపు చూసి వద్దని తల తిప్పారు. తర్వాత ఏమనుకున్నారో, తనే చెప్పారు. ఫిట్స్ సంగతి, ఇసక గుట్ట సంగతి, నాలుగు అడుగుల అవతల నిలబడ్డ ఆడవాళ్ళ సంగతి. తెలిసిన హిందీ సరిపోని చోట చేతులతో చెప్పారు. చివర, "ఈ మాట హెల్త్ సెంటరులో తెలిస్తే మమ్మల్ని పంపేస్తారేమో సాబ్" అన్నారు. ఆ ఆఫీసులో గుమాస్తా ఖమీస్ గారి పినతండ్రి కొడుకని మా ఇద్దరికీ తెలుసు.

ఖమీస్ గారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. తర్వాత కారులోంచి ఫ్లాస్కు తీసి, చిన్న గిన్నె కప్పులో ఏలకుల కాఫీ పోసి, ముందు మా ఆయనకు ఇచ్చారు.

"ఇన్నాళ్ళూ నేను అన్ని మాటలంటుంటే ఎందుకు పడ్డావు?"

"మీరు పిరికివాడన్నారు. అది నిజం కాదు గదా సాబ్, పెద్దగా తగల్లేదు" అన్నారు మా ఆయన. కప్పులో కాఫీ మాత్రం తాగకుండా అలాగే పట్టుకున్నారు. అది నేనూ చూశాను, ఖమీస్ గారూ చూశారు.

"ఇవాళ విన్నది ఈ వాదీలో వదిలేసి వెళుతున్నాను" అన్నారు ఖమీస్ గారు. తాళాలు నా చేతిలో పెట్టారు. నేను బెదిరిపోయాను. ఆయన ఎప్పటిలా నా పక్కన, తన వైపు ఉన్న రెండో బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నారు. మా ఆయన్ని వెనక సీటు మధ్యలోకి, మా ఇద్దరి భుజాల మధ్యకు జరగమన్నారు. "ఈ రోజు నుంచి నోరు నీది, బ్రేకు నాది. నేర్పు" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి ఎలా వచ్చామో నా ఒంటికి గుర్తుంది. చెవి పక్కన ఆయన గొంతు. "ఎక్సలేటరు వదులు. వదిలావా? గేరు మీద చెయ్యి ఆనించు, తొయ్యకు. విను. ఇంజను దిగుతోంది... దిగుతోంది... ఇప్పుడు." గేరు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. ఖమీస్ గారు అరబ్బీలో దేవుణ్ణి తలుచుకున్నారు. మొత్తం దారిలో క్లచ్ మూడుసార్లే నొక్కాను. ఊరి మొదట్లో ఒక మేకల మంద అడ్డం వస్తే తప్ప ఖమీస్ గారి బ్రేకుకు పని పడలేదు. ఇంటి ముందు ఆపి చూసుకుంటే నా యూనిఫాం వీపు తడిసి అంటుకుపోయి ఉంది. "నేను ఇన్నేళ్ళూ అందరికీ అంకెలే నేర్పాను" అన్నారు ఖమీస్ గారు, దిగుతూ, తనలో తను అనుకున్నట్టు.

ఆ తర్వాత రెండు వారాలు ముగ్గురం అలాగే తిరిగాం. మూడో పరీక్షలో, ఏటవాలు మధ్య బండి ఆపి, పోలీసాయన పక్కన కూర్చుని ఉండగా, నేను కళ్ళు మూసుకున్నంత పని చేశాను. విన్నాను. బండి నా బరువు తీసుకుంది. వెంట్రుక వాసి కూడా జారలేదు. లైసెన్సు చేతికి వచ్చిన రోజు ఖమీస్ గారు మమ్మల్ని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. చాప మీద పెద్ద పళ్ళెంలో అన్నం, చేప, నిమ్మకాయ. వాళ్ళావిడ మా ఆయన ముందు ఖర్జూరాలు పెడుతుంటే, ఖమీస్ గారు తన భార్యకీ పిల్లలకీ ఆయన్ని చూపించి, "ఇతను నా ఉస్తాదు" అన్నారు. ఉస్తాదు అంటే గురువు. మా ఆయన ఆ మాటకు తినడం మానేసి తన చేతులకేసి చూసుకున్నారు.

ఆ దేశంలో పదకొండేళ్ళు ఉన్నాం. ఒక పాత కారు కొనుక్కున్నాం. నెలనెలా డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండుసార్లూ బండి పక్కకు ఆపి, ఆయన్ని తిప్పి పడుకోబెట్టి, ఏసీ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ మమ్మల్ని దించలేదు. తర్వాత మందులు మార్చారు, అవి కుదిరాయి. హెల్త్ సెంటరులో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఖమీస్ గారు కనపడ్డప్పుడల్లా మా ఆయన్ని ఏదో ఒక బండి దగ్గరికి లాక్కుపోయేవారు, ఒకసారి చెవి పెట్టమని.

విజయవాడకు తిరిగి వచ్చాక గేరు ఎడమచేతికి మారింది, చూసేవాళ్ళు పెరిగారు. అప్పట్లో బెంజి సర్కిల్ దగ్గర ఆడమనిషి స్టీరింగు ముందు, మగమనిషి పక్కన కనపడితే ఆటోవాళ్ళు తలలు బయటికి పెట్టి చూసేవాళ్ళు. చుట్టాల్లో ఒకాయన పెళ్ళిపందిట్లో అందరూ వినేలా, "ఏం దేవదానం, అమ్మాయి తోలతంటే నువ్వు గాలి పోసుకుంటన్నావా?" అన్నాడు. "అవునండీ, మంచి గాలండీ" అన్నారు ఈయన. ఇప్పుడు మా వీధిలో ప్రతి ఇంటి ఆడపిల్లా స్కూటరో కారో తీస్తోంది. పక్కన ఎవరు కూర్చున్నారో చూసే తీరిక ఎవరికీ లేదు. కొత్త కార్లలో క్లచ్చే ఉండటం లేదు, గేర్లు వాటంతట అవే పడుతున్నాయి. మంచిదే. నా మోకాళ్ళు కూడా అలాంటిదే కొనమంటున్నాయి. కానీ ఒక మనిషి గొంతు చెవిలో పడితే తప్ప ముందుకు కదలలేని రోజులు నాకు ఉన్నాయి. వాటికి బదులుగా ఏ సుఖం ఇస్తానన్నా తీసుకోను.

ఇంకొక్క సంగతి రాయాలి. తిరిగి వచ్చిన కొన్నేళ్ళకు, ఫిట్స్ రాక ఎనిమిదేళ్ళు దాటాక, ఇక్కడి డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి, ఇక కారు నడుపుకోవచ్చని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి బీరువాలో పెట్టారు. నేనే పోరు పెట్టి, లైసెన్సు తీయించి, ఒక ఆదివారం గుడి గంటలూ చర్చి గంటలూ అయిపోయిన వేళకు కాలవగట్టు రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. బండి ఆపి దిగి, అటు తిరిగి వెళ్ళి ఆయన వైపు తలుపు తీశాను.

"ఎందుకు, సుగుణా?" అన్నారు.

"నాకోసం" అన్నాను.

ఆయన స్టీరింగు ముందు కూర్చుని సీటు వెనక్కి జరుపుకున్నారు. తర్వాత స్టార్టు చేశారు. మొదటి గేరు, రెండోది, మూడోది. ఎప్పుడు మారాయో నాకు తెలియలేదు. మా కారులో పక్క సీటులో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కాళ్ళు ఊరికే పెడళ్ళ కోసం వెతుక్కున్నాయి. ఎదురుగా ఏదైనా వస్తే ఒళ్ళు బిగిసేది, నోటిదాకా మాట వచ్చేది, అది అనకుండా మింగాల్సి వచ్చేది. ఆయనకు ఏమైనా అవుతుందేమో, అయితే ఏం చెయ్యాలి, చెయ్యి ముందు ఎటు వెయ్యాలి అని లోపల లెక్కలు. ఊడ్పులైన చేలు, తూములు, కొంగలు పక్కనుంచి పోతున్నాయి, నేను వాటిని చూడనే లేదు. పక్క సీటులో కూర్చునేవాడికి పనేమీ ఉండదని నేనూ అనుకున్నాను అంతకాలం. ఇంతటి పనిని ఈ మనిషి ఇన్నేళ్ళు నోరు మెదపకుండా, నవ్వు మొహంతో, ప్రతిరోజూ చేశారని నాకు ఆ మూడు మైళ్ళలో తెలిసింది.

వంతెన దగ్గర ఆయన బండి నిదానంగా పక్కకు తీసి ఆపారు. కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు. తాళం తీసి నా చేతిలో పెట్టారు.

"చాలు. నువ్వు నడుపు, నేను చూస్తా" అన్నారు.

దిగి సీట్లు మారాం. నేను వెంటనే బండి తియ్యలేదు. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. సబ్బుతో ఎంత తోమినా గోళ్ళ చుట్టూ పోని ఆ సన్నటి నల్లగీతల మీద నా బొటనవేలు ఆనించి, థాంక్స్ అనే మాట తెలుగులో ఎలా చెప్పాలో తెలియక, ఆయన పేరు పెట్టి పిలిచాను. ఇరవై ఏళ్ళ కాపురంలో అదే మొదటిసారి.